భర్త బెదిరింపు, అమెరికా వీసా, ఉచిత లాయరు: చెల్లెలి గురించి అడిగిన అక్కకు

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. విజయవాడలో ఉన్న మీకు న్యూజెర్సీలోని చెల్లెలి నుంచి ఫోను వస్తే చాలు, గుండె ఆగినంత పనవుతోందన్నారు. పెళ్లయి మూడేళ్లు. మీ మరిది చెయ్యి చేసుకుంటున్నాడు. పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు. “నోరు విప్పితే వీసా రద్దు చేయించి విమానం ఎక్కిస్తాను” అంటున్నాడు. ఎవరో చూపించిన ఒక కన్సల్టెంటు ఐదు వేల డాలర్లు ఇస్తే గ్రీన్ కార్డు తెప్పిస్తానన్నాడు. ఉచితంగా కేసు చూసే లాయర్లు నిజంగా ఉంటారా, ఉంటే నమ్మవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఉంటారు. నమ్మవచ్చు. ఇలాంటి కేసుల్లో డబ్బు తీసుకునే చాలామంది కంటే వాళ్లకే అనుభవం ఎక్కువ, ఎందుకంటే రోజూ చేసేది ఇదే పని. నేను న్యూజెర్సీలో ఒక స్వచ్ఛంద సంస్థలో పదకొండేళ్లుగా ఈ కేసులు చూస్తున్నాను. నేను లాయరును కాదు. అమెరికా న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధిని. అంటే, ఆ శాఖ గుర్తించిన స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తూ, వలస కేసులు చూడటానికి అనుమతి పొందిన మనిషిని. ఈ అనుమతి రెండు రకాలు. పాక్షిక గుర్తింపు ఉన్నవారు దరఖాస్తులు దాఖలు చేసి వలస కార్యాలయం ముందు హాజరు కావచ్చు. పూర్తి గుర్తింపు ఉన్నవారు వలస కోర్టులో కూడా నిలబడి వాదించవచ్చు. గుర్తింపు ఉన్నవారి జాబితాను న్యాయశాఖ తన వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఉచిత సహాయం అనగానే మనవాళ్లు ‘ఊరికే వచ్చేదానికి ఏం విలువ’ అని తీసిపారేస్తారు. ఆ మాట వల్ల నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

ఇక మీ మరిది బెదిరింపు సంగతి. అందులో కొంత నిజం, చాలా అబద్ధం ఉంది. ఎంత నిజమో తెలియాలంటే ముందు ఆయన ఏ కాగితం మీద అక్కడున్నాడో తెలియాలి. హెచ్-1బీనో, గ్రీన్ కార్డో, పౌరసత్వమో మీకు తెలియదన్నారు. సిగ్గుపడకండి. పది కుటుంబాల్లో ఎనిమిదింటికి తెలియదు. ‘అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం’ అన్న మాట దగ్గరే మన విచారణ ఆగిపోతుంది.

తెలుసుకోవడం కష్టం కాదు. మీ ఇంట్లో బీరువా తెరిచి చూడండి. వీసా ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు తీసిన పాస్‌పోర్టు జిరాక్సులు, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం, కన్సల్టెంటు ఇచ్చిన ఫైలు ఏదో ఒకటి ఉంటుంది. వీసా పేజీ మీద హెచ్-4 అని ఉంటే మీ మరిది అప్పటికి హెచ్-1బీ వంటి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు, మీ చెల్లెలు ఆయన మీద ఆధారపడి వచ్చిన భార్య. శాశ్వత నివాసిగా వచ్చి ఉంటే అది వేరే రకం వీసా, ఆమె పేరు మీదే గ్రీన్ కార్డు వచ్చి ఉండాలి. పాస్‌పోర్టు ఆయన దగ్గరున్నా ఫరవాలేదు. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ ఉంటే ఆమె అమెరికాలో ప్రవేశించిన రికార్డును, అంటే ఐ-94ను, ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి రుసుము లేకుండా దించుకోవచ్చు. ఒకసారి ఒక అమ్మాయి తన నంబరు తెలియక గంటసేపు మా ఎదుట ఏడ్చింది. గుంటూరులో వాళ్ల నాన్నగారు పాత టిఫిన్ డబ్బాలో దాచిన జిరాక్సును ఫోటో తీసి పంపారు. పది నిమిషాల్లో రికార్డు మా చేతిలో ఉంది.

ఇప్పుడు దారులు చెబుతాను.

మీ మరిది అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితే, 1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం మీ చెల్లెలికి వర్తిస్తుంది. దాన్ని ఇక్కడ అందరూ ‘వావా’ అంటారు. దాని కింద ఆమె భర్తతో సంబంధం లేకుండా, భర్తకు తెలియకుండా, తన పేరు మీద తానే ఐ-360 అనే దరఖాస్తు వేసుకోవచ్చు. ఈ దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము లేదు. ఆయన సంతకం అక్కరలేదు. ఆమె కోసం ఆయన ఇదివరకే వేసిన పిటిషన్ ఉండి, దాన్ని వెనక్కి తీసుకుంటానని బెదిరించినా, ఆ పాత పిటిషన్ తేదీని, అంటే వరుసలో ఆ స్థానాన్ని, తన సొంత దరఖాస్తుకు వాడుకునే వీలుంది. విడాకులు అయిపోయినా, ఆ విడాకులకు హింసే కారణమైతే, రెండేళ్ల లోపు వేసుకోవచ్చు. వేధించిన భర్త ఇచ్చిన సమాచారం ఒక్కదాన్నే పట్టుకుని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదని, ఆమె దరఖాస్తు సంగతి ఆయనకు చెప్పకూడదని కూడా చట్టంలో ఉంది. ‘నేను ఒక్క మెయిల్ పెడితే చాలు’ అనే భర్తలకు ఈ సంగతి తెలియదు, లేదా తెలిసీ చెప్పరు.

ఆమె చేతిలో రెండేళ్ల గడువుతో ఉన్న షరతుల గ్రీన్ కార్డు ఉంటే, దాన్ని పదేళ్ల కార్డుగా మార్చుకోవడానికి ఐ-751 వేయాలి. మామూలుగా భార్యాభర్తలిద్దరూ కలిసి సంతకం పెట్టాలి. కానీ పెళ్లి నిజాయితీగా జరిగి, తర్వాత హింస ఎదురైతే ఆమె ఒక్కతే మినహాయింపు కోరుతూ వేసుకోవచ్చు. కార్డు గడువు ముగిసేదాకా ఆగక్కరలేదు.

ఆయన హెచ్-1బీ మీదే ఉంటే దారి ఇరుకు. ఇక్కడ ఆశ పెట్టి మోసగించడం నాకు ఇష్టం లేదు. హెచ్-4 భర్త స్టేటస్ మీద, అంటే అమెరికాలో ఉండటానికి ఆయనకున్న చట్టబద్ధ అనుమతి మీద, నిలబడినది. విడాకులు ఖరారైతే అది పోతుంది. ఆయన చేయగలిగిన నష్టం ఇదే, ఆయన బెదిరింపులో నిజం ఉన్నది ఇక్కడే. అయినా రెండు సంగతులు ఉన్నాయి. వేధింపులకు గురైన హెచ్-4 భార్యలకు సొంతంగా పని అనుమతి ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది, 2017 నుంచి అమలులో ఉంది. ఆ ఫారం పేరు ఐ-765వి. అది పని అనుమతి మాత్రమే, స్టేటస్ కాదు. కానీ చేతిలో జీతం ఉంటే మనిషికి వచ్చే ధైర్యం వేరు. రెండోది యూ వీసా. గృహహింస వంటి నేరానికి గురై, పోలీసులకో ప్రాసిక్యూటరుకో సహకరించినవారి కోసం అది. భర్తకు ఏ స్టేటస్ ఉన్నా, అసలు లేకపోయినా దీనికి అడ్డు కాదు. దీనికి పోలీసు శాఖో, ప్రాసిక్యూటరు కార్యాలయమో సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి, ఆ సంతకం పడ్డ ఆరు నెలల లోపు దరఖాస్తు చేరాలి. ఏడాదికి 10,000 యూ వీసాలే ఇస్తారు కాబట్టి వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. దరఖాస్తు నిజమైనదేనని ప్రాథమికంగా తేలితే, ఈ నిరీక్షణలోనే పని అనుమతి ఇచ్చే పద్ధతి 2021లో మొదలైంది.

ఈ దారుల్లో ఏది మీ చెల్లెలిదో నేను ఇక్కడి నుంచి చెప్పను. చెప్పకూడదు కూడా. రికార్డు చూడకుండా ‘ఇది వెయ్యి’ అనేవాడి మాట ఎవరూ వినవద్దు. 2025 ఫిబ్రవరి తర్వాత ఇది ఇంకా ముఖ్యమైంది. స్టేటస్ లేనివారి దరఖాస్తు తిరస్కరించినప్పుడు నేరుగా వలస కోర్టుకు రమ్మని నోటీసు ఇచ్చే విధానాన్ని అప్పుడు బాగా విస్తరించారు. ఒకప్పుడు తప్పు దరఖాస్తు వేస్తే డబ్బు పోయేది. ఇప్పుడు కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. ఆ కోర్టులో లాయరును పెట్టుకునే హక్కు ఆమెకు ఉంటుంది కానీ ప్రభుత్వం ఖర్చు పెట్టి లాయరును ఇవ్వదు. అందుకే ఉచిత సహాయం చేసే సంస్థల జాబితాను కోర్టే ఇస్తుంది. వాయిదాకు వెళ్లకపోతే, ఆమె లేకుండానే పంపించివేసే ఉత్తర్వు ఇస్తారు. కోర్టులో కేసు ఉన్నవారు ఇల్లు మారిన ఐదు రోజుల్లో కొత్త చిరునామా కోర్టుకు తెలియజేయాలన్న నియమం ఉన్నదీ, నోటీసు పాత ఇంటికి వెళ్లి ఇలాంటివి జరగకూడదనే.

ఇక ఉచిత సహాయం ఎక్కడ దొరుకుతుందన్నది. న్యూజెర్సీ అన్నారు కాబట్టి ‘మానవి’తో మొదలుపెట్టండి. దక్షిణాసియా మహిళల కోసం 1985లో అక్కడ మొదలైన సంస్థ అది. హడ్సన్ నది దాటితే న్యూయార్కులో 1989 నుంచి ‘సఖి’ ఉంది. ఇలాంటి చోట్ల మన కుటుంబాల తీరు విడమరచి చెప్పనక్కరలేదు. అత్తగారు ఫోనులో రోజూ ఏమంటుందో, కట్నం బాకీ మాట ఎలా వస్తుందో, ‘అడ్జస్ట్ అవ్వమ్మా’ అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. ఈ సంస్థలు అండగా నిలబడి, న్యాయ సహాయం చేసేవారి దగ్గరకు పంపుతాయి. రాష్ట్రంలో పేదలకు న్యాయ సహాయం చేసే ‘లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ’ ఉంది. క్యాథలిక్ చారిటీస్ వంటి సంస్థల్లో గుర్తింపు ఉన్న ప్రతినిధులు ఉంటారు, మతం అడగరు. న్యాయ కళాశాలల్లో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు కేసులు చూసే క్లినిక్కులు ఉంటాయి. అక్కడ ఒక్కో కేసు మీద వాళ్లు పెట్టే సమయం డబ్బు తీసుకునే లాయరు పెట్టలేడు. మీ బంధువులు వేరే ఊళ్లలో ఉంటే చెప్పండి, హ్యూస్టన్‌లో ‘దయ’, అట్లాంటాలో ‘రక్ష’, షికాగోలో ‘అప్నా ఘర్’, కాలిఫోర్నియా బే ఏరియాలో ‘మైత్రి’, ‘నారిక’ ఇదే పని చేస్తున్నాయి. ఏదీ గుర్తులేకపోతే జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233కు ఫోను చేసి ‘తెలుగు’ అనే ఒక్క మాట అంటే చాలు, అనువాదకులను లైన్లోకి తెస్తారు.

మొదటి ఫోను ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు అక్కడే వెనుదిరుగుతారు. ముందు ఆమె పేరు, వెంటనే భర్త పేరు అడుగుతారు. భర్త పేరు ఎందుకని కొందరు భయపడి ఫోను పెట్టేస్తారు. అదే సంస్థ దగ్గరకు ఆయన ముందే వెళ్లి ఉంటే ఇద్దరి తరఫునా నిలబడటం కుదరదు, దాన్ని చూసుకోవడానికే ఆ ప్రశ్న. ఆయనకు ఫోను చేయరు. తర్వాత ఆదాయం అడుగుతారు. ‘మా ఆయన జీతం లక్షన్నర డాలర్లు, నాకు ఉచితంగా ఎవరు చేస్తారు’ అనుకుంటారు. ప్రభుత్వ నిధులతో నడిచే న్యాయ సహాయ కార్యాలయాల్లో హింస పెట్టినవాడి ఆదాయాన్ని బాధితురాలి లెక్కలో కలపరు. పౌరులు కానివారి కేసులు తీసుకోవడానికి ఆ కార్యాలయాలకు మామూలుగా ఆంక్షలు ఉంటాయి. గృహహింస బాధితులకు వాటి నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఎవరైనా స్టేటస్ పేరు చెప్పి వద్దంటే, ఆ మినహాయింపు గురించి ఒకసారి మర్యాదగా అడగమనండి. ఒకచోట ‘ఇప్పుడు కొత్త కేసులు తీసుకోవడం లేదు’ అంటే అది ఆమెను కాదన్నట్టు కాదు. వాళ్ల చేతిలో ఉన్నవి ఎక్కువై అంటారు. ఇంకెవరిని అడగాలో వాళ్లనే అడిగి, ఆ పేర్లు రాసుకుని, మర్నాడే వాళ్లకు చేయాలి. మూడు నాలుగు చోట్ల తిరగవలసి వస్తుందని ముందే తెలిస్తే మొదటి తిరస్కారానికి మనిషి కుంగిపోదు.

ఇప్పుడు ఆ ఐదు వేల డాలర్ల కన్సల్టెంటు. మన దేశంలో నోటరీ అంటే సాధారణంగా అడ్వకేటే. అందుకే బోర్డు మీద ‘నోటరీ’ అని కనిపిస్తే మనవాళ్లు లాయరనుకుంటారు. అమెరికాలో నోటరీ సంతకానికి సాక్షి మాత్రమే. సరుకుల దుకాణంలో కూర్చున్నవాడు కూడా నోటరీ కావచ్చు. వలస విషయంలో సలహా ఇవ్వడానికి అతనికి హక్కు లేదు. పట్టుకునే పద్ధతి ఒకటి చెబుతాను: “మీరు జి-28 మీద సంతకం పెడతారా?” అని అడగమనండి. తాను ఫలానా మనిషి తరఫు ప్రతినిధినని లాయరో గుర్తింపు ఉన్న ప్రతినిధో వలస కార్యాలయానికి తెలిపే పత్రం అది. అడగగానే నీళ్లు నమిలితే అక్కడి నుంచి లేచి రావడమే. వలస చట్టం కేంద్ర చట్టం కాబట్టి వేరే రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరు కూడా కేసు చూడవచ్చు, అందులో తప్పు లేదు. ఆ రాష్ట్రపు బార్ వెబ్‌సైటులో అతని పేరు ఉండాలి, అంతే.

ఇలాంటి ఒక కన్సల్టెంటు చేసిన పని నేను కళ్లారా చూశాను. ఆ అమ్మాయి భర్త పౌరుడు. వావా కింద తిన్నగా నడిచే కేసు. అతను ‘పని అనుమతి త్వరగా వస్తుంది’ అని చెప్పి, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, శరణార్థి దరఖాస్తు వేశాడు. సొంత ఊళ్లో రాజకీయ కక్షల వల్ల ప్రాణభయం ఉందని ఒక కథ అల్లాడు. ఆ ఊరి పేరు కూడా తప్పే. తెలిసి తెలిసి కల్పిత శరణార్థి దరఖాస్తు వేశారని తేలితే, వలస చట్టం కింద ఇక ఏ లాభమూ జీవితాంతం రాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలియదని నిరూపించడానికే మాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. సంతకం పెట్టే ప్రతి పేజీ మీ చెల్లెలు చదవాలి, అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకోవాలి, దాఖలు చేసినదాని పూర్తి ప్రతి తన దగ్గర ఉంచుకోవాలి.

రుజువుల గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మీ పాత్ర ఉంది. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితం లేకపోతే కేసే లేదనుకుంటారు. వావా కేసుల్లో నమ్మదగిన రుజువు ఏదైనా పరిశీలించాలని చట్టమే చెబుతుంది. దెబ్బలే ఉండాలని కూడా లేదు, తీవ్రమైన క్రూరత్వం కూడా లెక్కలోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం ఆమె స్వయంగా రాసే వాంగ్మూలం. ఒకామె తెలుగులోనే, రూళ్ల నోటుబుక్కులో, నలభై పేజీలు రాసింది. మొదటి పది పేజీలు ‘ఆయన మంచివారే’ అనే ధోరణిలో ఉన్నాయి. పదకొండో పేజీలో, ప్రతి సాయంత్రం భర్త కారు మీటరు చూసి ఎన్ని మైళ్లు పెరిగాయో గోడ మీది క్యాలెండరులో రాసేవాడని ఉంది. పిల్లవాడి బడికీ ఇంటికీ పోనూ రానూ ఆరు మైళ్లు. ఎనిమిది కనిపించిన రోజు రాత్రి ఆమెకు భోజనం లేదు. ఆ క్యాలెండరు ఫోటో ఆమె ఫోనులో ఉంది. అది రుజువని ఆమెకు తోచలేదు. మేము అడిగితే సిగ్గుపడుతూ చూపించింది. తెలుగులో రాసినదాన్ని రెండు భాషలూ తెలిసినవారు అనువదించి, అనువాదం సరైనదని, తమకు ఆ సామర్థ్యం ఉందని రాసి సంతకం పెడితే చాలు. నోటరీ ముద్ర కూడా అక్కరలేదు.

పెళ్లి నిజమైనదని కూడా చూపించాలి. శుభలేఖ, పెళ్లి ఫోటోలు, రిజిస్ట్రేషన్ పత్రం, కలిసి ఉన్న ఇంటి అద్దె కాగితం పనికొస్తాయి. భర్త గ్రీన్ కార్డు నకలు దొరకలేదని ఆగిపోవద్దు. ఆయన పూర్తి పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలు ఇస్తే కార్యాలయం తన రికార్డుల్లో వెతుకుతుంది. దరఖాస్తులో ఉత్తరాల కోసం వేరే సురక్షితమైన చిరునామా ఇవ్వవచ్చు. ఇంటి పోస్టు డబ్బాలో కవరు పడే దాకా తెచ్చుకోవద్దు.

మొన్న దెబ్బ గట్టిగా తగిలిందన్నారు కాబట్టి ఇంకొకటి. ప్రమాదం అనిపిస్తే 911. న్యూజెర్సీలో భర్త దగ్గరకు రాకుండా కోర్టు రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ముందు తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు, సాధారణంగా పది రోజుల్లో విచారణ జరిపి ఖరారు చేస్తారు. దానికి రుసుము లేదు, వీసా ఏమిటని అడిగి ఇచ్చేదీ కాదు. తర్వాత వలస కేసులో అదీ ఒక బలమైన రుజువు.

మీ అమ్మగారు ‘వచ్చేయమను, ఇక్కడ మేము లేమా’ అంటున్నారని రాశారు. తల్లి కడుపు అలాగే మాట్లాడుతుంది. రావడం మీ చెల్లెలి హక్కు. కానీ ఒక్కసారి లాయరుతో మాట్లాడాకే టికెట్టు కొనండి. ముఖ్యంగా మీ మరిదే ‘పద, పది రోజులు ఇండియా వెళ్లి వద్దాం’ అంటే అసలు ఎక్కవద్దు. విమానాశ్రయం దాటాక పాస్‌పోర్టు తీసుకుని భార్యను పుట్టింట్లో దింపి, ఒంటరిగా వెనక్కి వెళ్లిన భర్తలు నాకు తెలిసి తక్కువమంది కాదు. ఇండియా నుంచి వావా దరఖాస్తు వేసే వీలు కొన్ని పరిస్థితుల్లో, హింస అమెరికాలో జరిగినప్పుడు, ఉంటుంది. కానీ ఇక్కడ ఉండి వేసినంత సులువు కాదు. పాస్‌పోర్టు ఆయన ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు నకలుతో భారత కాన్సులేటులో కొత్తదానికి అడగవచ్చు. ప్రవాసుల కోసం ఉన్న సంక్షేమ నిధి నుంచి సహాయం కూడా అక్కడే అడగాలి.

ఆయన అక్కడి కోర్టులో హడావిడిగా విడాకులు తెచ్చుకుంటే ఇండియాలో చెల్లుతుందా అని కూడా అడిగారు. ప్రతిసారీ చెల్లదు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట కేసులోనే, భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులను 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలో ఉన్న కారణం మీద కాకుండా, భార్య ఆ కోర్టుకు మనస్ఫూర్తిగా లోబడకుండా వచ్చిన తీర్పు మన దగ్గర నిలవదన్నది అందులోని సారం. ఇండియాలో మీకూ ఉచిత లాయరు దొరుకుతారు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి.

ఈ వారంలో మీరు చేయవలసినవి రెండు. బీరువాలోని కాగితాలన్నీ ఫోటో తీసి మీ దగ్గరే పెట్టుకోండి. ఆమె ఫోనుకు పంపకండి, ఆ ఫోను ఆయన చూస్తాడేమో మనకు తెలియదు. రెండోది, ఈ మూడేళ్లలో ఆమె మీకు చెప్పినవి, పంపిన వాయిస్ మెసేజీలు, తేదీలతో సహా ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టండి. ఫలానా పండుగ రోజు ఏడుస్తూ ఫోను చేసింది, వెనక నుంచి ఆయన అరుపు వినిపించింది, మధ్యలో కట్ చేశాడు, ఇలా చిన్నవి కూడా వదలకండి. రేపు లాయరు అడిగినప్పుడు అక్కగా మీరిచ్చే వాంగ్మూలం అందులోంచే వస్తుంది. తర్వాత ఆమె ఫోను చేసినప్పుడు మొదట ‘ఇప్పుడు ఒక్కదానివే ఉన్నావా?’ అని అడగండి. అవునంటే మానవి పేరు చెప్పండి. కాదంటే వంట సంగతులు మాట్లాడి, మళ్లీ ఎప్పుడు చేయవచ్చో అడిగి పెట్టేయండి.